కడలి అడుగున దొరకిన బూజు
(మదీనాగూడ సభలో ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఊరగాయ జాడీలో బూజు కనబడినయెడల గృహిణి దానిని తీసి పారవేయును. ఆ బూజునకే శిలీంధ్రమని శాస్త్రనామము. దానికి నోరు లేదు. తాను పట్టిన వస్తువుపై కొన్ని రసములను చిమ్మి, కరగించి, పిదప పీల్చుకొనును. ఆ రసములలో పనిచేయు పదార్థములే ఎంజైములు. వానిలో మాంసకృత్తులను కరగించు దానిని ప్రోటియేజు అందురు. బట్టల పొడులలో కలిపి, నెత్తురు మరకలను, పాల మరకలను వదలించుటకు వాడునది ఇట్టిదే. పట్టుచీరలను, ఉన్ని కంబళ్ళను మాత్రము అట్టి పొడిలో నానవేయకుడు. పట్టును, ఉన్నియు మాంసకృత్తులే. మరకతోపాటు పోగునకును చేటు.

గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు హిందూ మహాసముద్ర మధ్యమున సుమారు 5,000 మీటర్ల లోతునుండి బురద తీయించి, అందలి శిలీంధ్రములను ప్రయోగశాలలో పెంచిరి. అంత లోతున వెలుగు లేదు. నీటి ఒత్తిడి మనపైనున్న గాలి ఒత్తిడికి దాదాపు 500 రెట్లు. చలి మంచుగడ్డకు చేరువ. అచట ఆస్పర్జిల్లస్ జాతి బూజు ఒకటి దొరకినది. మన వేరుసెనగ కాయలకు పట్టు బూజునకు ఇది దాయాది! దాని ప్రోటియేజును గూర్చి సమీర్ దామరే, డాక్టరు చంద్రలతా రఘుకుమార్ మొదలగువారు 2006లో ప్రకటించిరి. సబ్బునీటివంటి క్షారమందు అది చక్కగా పనిచేయును. 45 డిగ్రీల వేడిమిలో దాని బలము మిక్కుటము. 2 డిగ్రీల చలిలో సైతము పదియవవంతు నిలుచును. పదియవవంతేనా యని నవ్వవలదు. నీరు కాచు కట్టెలు, కరెంటు ఎంత మిగులునో లెక్కించుకొనుడు.

తోళ్ళ పనిలో వెండ్రుకలు ఊడదీయుటకు సున్నమును, సోడియం సల్ఫైడును వాడుట పరిపాటి. ఆ తొట్ల మురుగు పారినచోట బావినీరు చెడును. 1948లో నెలకొన్న మద్రాసు చర్మ పరిశోధన సంస్థ ఈ పనికి ఎంజైములను ప్రయోగించి చూపినది.

మీ ఊరిమీదుగా పోవు బొంబాయి రోడ్డుననే పటాన్‌చెరువు కలదు. కర్మాగారముల వ్యర్థజలముచే నక్కవాగు చెడుట, 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కుట మీ పెద్దలెరుగుదురు. ఆ మందుల మురుగునకు ఈ ప్రోటియేజు విరుగుడు కాదు. అయితే గోవాలో మడచెట్ల కుళ్ళుకొయ్యపై దొరకిన మరియొక బూజు అద్దకపు నీటి రంగును, కాగితపు మిల్లుల నీటి రంగును విరిచినదని అదే సంస్థవారు 2006లోనే తెలిపిరి.

ప్రయోగశాల సీసానుండి కర్మాగారపు తొట్టివరకు దారి దీర్ఘము. బజారులో సున్నము చౌక. దానితో పోటీపడు ధరకు బూజును టన్నులకొలది పెంచవలసియున్నది.