ఆ మాటను తరగతి గదిలో వదిలేయకండి

 

ఇవాళ బీఈడీ పట్టా అందుకుంటున్న మీలో చాలామంది ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ బడుల్లో పాఠాలు చెబుతారు. లెక్కలు చెప్పినా, తెలుగు చెప్పినా ఏదో ఒక రోజు మీ తరగతిలో ఒక పిల్లవాడు ఇంకొకణ్ని "ఎర్రగడ్డ కేసు" అంటాడు. అందరూ నవ్వుతారు. హైదరాబాద్‌లో మానసిక వైద్యం చేసే ఆసుపత్రి ఉన్న పేట పేరు మన దగ్గర తిట్టయి కూర్చుంది. గుండె ఆసుపత్రి పేరు పెట్టి ఎవరూ ఎవర్నీ తిట్టరు. నవ్విన వాళ్లలోనే నెల రోజులుగా నిద్రపట్టని అమ్మాయి ఒకతె ఉండొచ్చు. ఆ నవ్వు విన్నాక ఆమె తన బాధ ఎవరికీ చెప్పదు.

మానసిక వైద్యురాలిగా నేను రోజూ చూసేది ఈ మౌనం తెచ్చే ఆలస్యాన్నే. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని దాస్తారు, జబ్బు ముదిరాక ఓపీ చీటీ రాయించుకుంటారు. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, అందులో మానసిక వైద్య విభాగమూ ఉంది. అక్కడిదాకా రావడానికి అడ్డుపడుతున్నది దూరం కన్నా సిగ్గే.

2015-16లో బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేల్చింది. అంటే 40 మంది కూర్చునే గదిలో సుమారు ముగ్గురు. హాజరుపట్టీలో వాళ్ల పేర్ల పక్కన ఏ గుర్తూ ఉండదు.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న రోజుల్ని మన తెలంగాణ మరచిపోలేదు. మార్కుల్లో దొర్లిన తప్పుల మీద ఊరూరా ఆగ్రహం రేగింది, రేగాల్సిందే. కానీ భయపడ్డ పిల్లలు మనసు విప్పుకునే మనిషి వాళ్ల కాలేజీలో ఉన్నారా అని అడిగినవాళ్లు తక్కువ. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణంపై 2025 జూలైలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ఆ ప్రశ్నే వేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దంది. హన్మకొండ హాస్టళ్లలో చదివిన మీకు ఆ రెండో మాట బరువు ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

కౌన్సెలర్ వచ్చినా, వెళ్తే "మెంటల్" అంటారన్న భయం పోకపోతే ఆ గది తలుపు ఎవరూ తట్టరు. భయం పోగొట్టగలిగేది బడే. పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగం 1998లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఉన్నత పాఠశాల పిల్లలకు కొన్ని నెలలపాటు మానసిక ఆరోగ్యం గురించి చెప్పారు. పిల్లల అవగాహన పెరగడంలో వింతేమీ లేదు. వాళ్ల తల్లిదండ్రుల్లో, స్నేహితుల్లో, చివరికి ఇరుగుపొరుగు వాళ్లలో కూడా అది పెరిగింది. వాళ్లెవరూ బడికి రాలేదు, పాఠం వినలేదు. పిల్లలే దాన్ని ఇంటికి మోసుకెళ్లారు. తాయెత్తుల నమ్మకం మన పల్లెల్లో ఉన్నట్టే అక్కడా ఉంది. అక్కడ జరిగింది పరకాలలో, నర్సంపేటలో ఎందుకు జరగదు?

మిమ్మల్ని వైద్యులు కమ్మని అడగడం లేదు. రోగం పేరు చెప్పడం మీ పని కాదు, అలా చెప్పకండి కూడా. పిల్లవాడి తీరు మారితే పక్కన కూర్చోబెట్టుకుని అడగండి, వినండి, ఇంట్లోవాళ్లతో మాట్లాడి మా దగ్గరికి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416ను మీ తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఇక "ఎర్రగడ్డ" అన్న మాట వినపడిన రోజున పాఠం పది నిమిషాలు ఆపండి. సిలబస్ వెనకబడితే ఫలానా కారణంతో ఆపానని మీ హెడ్మాస్టరుకు ధైర్యంగా చెప్పండి.