అమ్మకు బాకీపడ్డ సినిమా

(బిలాస్‌పూర్‌లో తెలుగువారి సభలో ఒక రిటైర్డ్ సుబేదారు చేసిన ప్రసంగం)



పాత సినిమాలు, పాటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంటర్ చదివి 1988లో పల్టన్‌లో చేరినవాణ్ణి. రాగాలూ తాళాలూ నాకు తెలియవు. విని ఆనందించడం మాత్రం తెలుసు.

మన పెద్దలు చాలామంది బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లోనే ఈ ఊరు చేరారు. మా నాన్నగారు కూడా శ్రీకాకుళం నుంచి రైల్వే పనికే వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ. నాకు హిందీ సరిగ్గా పలకడం నేర్పింది మాత్రం రఫీ, ముకేశ్‌ల పాటలే.

ఈ ఊరికీ మనకీ సినిమా చుట్టరికం కూడా ఉంది. సత్యదేవ్ దుబే గారు 1936లో బిలాస్‌పూర్‌లోనే పుట్టారు. సికింద్రాబాదు తిరుమలగిరిలో పుట్టిన శ్యామ్ బెనెగల్ గారు 1974లో తెలంగాణ పల్లె కథతో 'అంకుర్' తీస్తే, దానికి మాటలు రాసింది ఈ దుబే గారే.

ఇక పల్టన్ సంగతి. 'హకీకత్' చూడని ఫౌజీ ఉండడు. 1962 లడఖ్ యుద్ధం మీద చేతన్ ఆనంద్ 1964లో తీశారు. సంగీతం మదన్ మోహన్. ఆయన కూడా కుర్రతనంలో సెకండ్ లెఫ్టినెంటుగా యూనిఫాం వేసినవారే. మా పోస్టులో ఒకే ఒక్క ట్రాన్సిస్టర్ ఉండేది. ఆ పాటలు వస్తే గఢ్వాలీ, తమిళుడు, పంజాబీ, అందరం మాట మానేసేవాళ్లం. ఎవరి ఇల్లు వాళ్లకి గుర్తొచ్చేది.

'మిలన్' పాటలు వస్తే నేను గర్వంగా, "ఇది మా గోదావరి కథ సాబ్!" అనేవాణ్ణి. మన 'మూగ మనసులు' తీసిన ఆదుర్తి సుబ్బారావు గారే 1967లో దాన్ని హిందీలో తీశారు. నిర్మాత ఎల్.వి.ప్రసాద్ గారు.

వివిధ భారతిలో మన ఫౌజీల కోసం 'జయమాల' వచ్చేది. ఒకసారి నేనూ కార్డు రాశాను. ఆ రోజుల్లో డ్యూటీల వల్ల వినలేకపోయాను. హిందీ అంతంతమాత్రం వచ్చిన మా అమ్మ రోజూ రాత్రి రేడియో ముందు కూర్చునేదట. తర్వాత ఇన్‌లాండ్ లెటర్ రాయించింది: "నీ పేరు చదివారు నాయనా" అని. నిజంగా విన్నదో, నా సంతోషం కోసం అన్నదో!

1993లో లీవుకి ఉత్కల్ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికొచ్చాను. "మూగ మనసులు హిందీలో ఉందటగా, ఒకసారి చూపించరా" అంది అమ్మ. వీడియో అద్దెకు తెస్తే సరిపోయేది. స్నేహితులతో తిరిగాను, బంధువుల ఊళ్లు వెళ్లాను. చివరి రోజు, "వచ్చే లీవులో చూద్దాంలేవే" అని బండెక్కేశాను. వచ్చే లీవు టెలిగ్రాంతో వచ్చింది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

రిటైరయ్యాక మా అబ్బాయి ఒక పాత రష్యన్ సినిమా పెట్టాడు. 1959లో చుఖ్రాయ్ తీసిన 'బల్లాడ్ ఆఫ్ ఎ సోల్జర్'. పంతొమ్మిదేళ్ల అల్యోషా శత్రువుల ట్యాంకులు రెండు పడగొడతాడు. పతకం వద్దు, ఇంటికెళ్లి అమ్మ ఇంటి కప్పు బాగుచేసి వస్తానంటాడు. ఆరు రోజుల లీవు ఇస్తారు. రైళ్లలో వాళ్లకీ వీళ్లకీ సాయపడుతూ పోయేసరికి లీవు కరిగిపోతుంది. అమ్మను కావలించుకోవడానికి కొద్ది నిమిషాలే మిగులుతాయి. అతను మళ్లీ తిరిగి రాడు. ఆ కుర్రాడు దారిలో పరులకోసం ఆలస్యమయ్యాడు. నేనో? ఇంట్లో ఉండి కూడా అమ్మకి మూడు గంటలు ఇవ్వలేదు. సినిమా అయ్యాక లైటు వెయ్యొద్దన్నాను మా అబ్బాయితో.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, ఇప్పుడు అన్ని సినిమాలూ మీ జేబులో ఫోనులోనే ఉన్నాయి. లీవుకి వెళ్లినప్పుడు మొదటి రోజే అమ్మా నాన్నలను అడగండి, ఏ సినిమా చూస్తారని. పక్కన కూర్చుని పూర్తిగా చూడండి. చివరి రోజుకి వాయిదా వెయ్యకండి.

సెలవు. జై హింద్.