నలువది దినముల లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవము తపస్సుకాలమున వచ్చినందున, కతోలికులమగు మేము పాటించు ఆ వ్రతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు. లెక్కలు వ్రాయుట నా వృత్తి. సాయంకాలములందు ఈ గ్రంథాలయపు బల్లపై పురాణములును బైబిలును చదువుకొనుట నా అలవాటు. కనుక లెక్కతోనే ఆరంభించెదను.

విభూతి బుధవారము మొదలు పాస్కా పండుగకు ముందటి శనివారము వఱకు 46 దినములు. ఆదివారము ప్రభువు పునరుత్థానమును స్మరించు దినమగుటచే ఆనాడు ఉపవాసము లేదు. అట్టి ఆదివారములు 6 తీసివేయగా 40 మిగులును. యేసుప్రభువు ఎడారిలో ఉపవసించిన దినములును అన్నియే.

బుధవారమునాడు గురువు మా నుదుట నుంచు విభూతి, వెనుకటి యేడు మ్రానికొమ్మల ఆదివారమున దీవించిన కొమ్మలను కాల్చి చేయునది. నిరుడు జయధ్వానములతో ఊరేగించిన కొమ్మయే నేడు బూడిద! మోతుబరి నుదుటను, కూలివాని నుదుటను దాని రంగు ఒక్కటియే. ఆ వరుసలో నిలిచినవారు ఎవరికివారు కారు, ఒక విచారణవారు. విచారణ యనగా ఒక గురువు పర్యవేక్షణలో నున్న విశ్వాసుల సంఘము. ఈ వ్రతము ఒక్కొక్కని సొంత పుణ్యము కొఱకు కాదు, సంఘమంతయు కలిసి మాఱుట కొఱకు అనుటయే నా ప్రసంగసారము.

నియమములు చూచిన మిక్కిలి స్వల్పములు. 1966లో పోపు ఆఱవ పౌలుగారు వానిని సవరించిన పిదప, విధిగా ఉపవసింపవలసినవి విభూతి బుధవారము, పవిత్ర శుక్రవారము అను రెండు దినములే. 18 ఏండ్లు నిండినవారు 59 ఏండ్లు నిండు వఱకు ఆ దినములందు ఒక్కపూట మాత్రమే కడుపునిండ భుజింతురు. ఈ కాలపు శుక్రవారములందు మాంసము మానుదురు. ఏకాదశినాడు నీరైన ముట్టని మన పెద్దలు ఇది యేమి వ్రతమని నవ్వవచ్చును. కష్టమంతయు తక్కిన భాగముననే యున్నది. మత్తయి సువార్త 6వ అధ్యాయమున దానము, ప్రార్థన, ఉపవాసము మూడును వరుసగా చెప్పబడినవి. ఈ కాలపు ప్రాయశ్చిత్తము అంతరంగమునకే పరిమితము కాక సాంఘికమును కావలెనని 1963లో రెండవ వాటికను మహాసభ నిర్దేశించెను. మన దేశమున 1962లో స్థాపింపబడిన కారితాస్ ఇండియా సంస్థ తపస్సుకాలమున ఆకలిని, వ్యాధిని ఎదుర్కొనుటకై విరాళములు సేకరించుట ఇందులకే.

లూకా సువార్త 19వ అధ్యాయమున జక్కయ్య కథ కలదు. అతడు యెరికో పట్టణమున సుంకరుల పెద్ద, అనగా లెక్కలవాడు. పొట్టివాడగుటచే ప్రభువును చూచుటకు మేడిచెట్టెక్కెను. ప్రభువు తన యింటికి వచ్చినపుడు అతడు ఉపవాసముందునని మ్రొక్కుకొనలేదు. ఆస్తిలో సగము పేదలకిత్తుననియు, మోసగించి తీసికొనినదానికి నాలుగింతలు చెల్లింతుననియు పలికెను. హృదయపరివర్తనమునకు ఆ పద్దే సాక్షి.

ఈ కథ నన్ను ఒకసారి గ్రుచ్చినది. ఒక యేడు తపస్సుకాలమున పాత పద్దులు చూచుచుండగా, మిరపకోతలకు పొరుగు జిల్లానుండి వచ్చిన ఒక కూలి కుటుంబమునకు రెండు దినముల కూలి తక్కువ వ్రాసినట్లు కనబడెను. తప్పు నాదే. వారప్పటికే స్వగ్రామమునకు పోయిరి. నేను ఉపవాసముంటిని, సిలువ మార్గము చేసితిని, పాపసంకీర్తనమునకు పోతిని. గురువుగారు నా మాట యంతయు విని, “కూలి వారికి చేరినదా?” అని మాత్రమే అడిగిరి.

మఱునాడు బస్సెక్కి పోయితిని. ఇల్లు వెదకుటకే మధ్యాహ్నమాయెను. సొమ్మిచ్చి లేవబోవగా ఆ యిల్లాలు, “ఎండన పడి వచ్చినావు, నాలుగు మెతుకులు తిని పో అయ్యా” అనెను. పచ్చడి మెతుకులు, మజ్జిగ. వారును మావలెనే జ్ఞానస్నానము పొందినవారు. అయినను మాలపల్లెలో ఒక యింట కూర్చుండి నేను అన్నము తినుట నా ఏబది యేండ్ల జీవితమున అదియే మొదటిసారి. రెండు దినముల కూలి తీర్చుటకు పోయిన నాకు, అంతకంటె పాతబాకీ యొకటి అచట కనబడినది.

పోతనామాత్యుని భాగవతమున నవమస్కంధములోని రంతిదేవుని తలచుకొనుడు. 48 దినములు అన్నపానములు లేక కృశించిన పిదప అతనికి ఆహారము దొరకెను. బ్రాహ్మణుడు, శూద్రుడు, కుక్కలతో నొకడు వరుసగా వచ్చిరి. అన్నము వారికి చెల్లెను. మిగిలిన నీటిని చండాలుడు దప్పిగొని అడుగగా అతనికే పోసెను. ఆ ఉపవాసము దప్పిగొన్నవాని దోసిలిలో ముగిసెను.

మేమో, పూజలో ఒకే అప్పమును పంచుకొందుము. పూజ ముగిసిన పిదప ఎవరి పేటకు వారు పోవుదుము. శ్మశానమునందును హద్దులు పెట్టుకొనిన చోట్లు మన దేశమున కలవు. కులవివక్ష ఘోరమైన సామాజిక పాపమని 2016లో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య తన విధానపత్రమున ప్రకటించినది. కాగితముపై ఆ మాట పడినది, పంక్తిలోనికి రావలసియున్నది. మాంసము మానుట తేలిక, మడి మానుట కష్టము.

కావున నా మనవి యొక్కటే. ఏ మతమువారైనను నేటి రాత్రి ఒక చీటీపై మూడు పద్దులు వ్రాసికొనుడు: ఎవరికి కూలి బాకీ, ఎవరితో మాట బాకీ, ఎవరింట భోజనము బాకీ. పండుగ వచ్చులోపల ఒక్కటియైనను తీర్చుడు. గ్రంథాలయమునకు తిరిగి యీయని పుస్తకములున్నచో వానిని గూడ ఆ చీటీలో చేర్చిన, కార్యదర్శిగారు మిక్కిలి సంతసింతురు.