ఆపదకు ముందే ఫోనులో ఉండవలసిన నంబరు

[తెరపై: 14416, పెద్ద అంకెలలో]

ఈనాటి వీడియోలో క్రొత్త ఫోనును గురించి గాని, క్రొత్త హంగులను గురించి గాని ప్రస్తావింపబోవుట లేదు. మీ చేతిలో ఇదివరకే ఉన్న ఫోను, అది ఎంత పాతదైనను, బటన్ల ఫోనే అయినను, మనోవ్యథతో కొట్టుమిట్టాడుచున్న ఒక మనిషిని ఓపికతో వినగల మరియొక మనిషి యొద్దకు ఏ మార్గమున చేర్చగలదో, ఆ మార్గమును ఆపద రాకమునుపే ఎట్లు సిద్ధపరచుకొనవలెనో వివరింపదలచితిని. మీరు ఈ క్షణముననే అట్టి వ్యథలో ఉండి ఈ వీడియో తెరచియున్నచో, తక్కినదంతయు తరువాత వినవచ్చును. ముందు 14416కు ఫోను చేయుడు. ప్రాణాపాయము ఎదుటనే ఉన్నదని తోచినచో 112కు గాని, 108కి గాని చేయుడు.

ముందే సిద్ధపడవలెనని ఇంత గట్టిగా చెప్పుటకు కారణము కలదు. దుఃఖమో భయమో మనస్సును పూర్తిగా ఆవరించినపుడు, వెదకుట, పోల్చి చూచుట, ఇది మంచిది అది కాదు అని నిర్ణయించుట అను శక్తులే మొట్టమొదట సన్నగిల్లును. అట్టి వేళ ఇంటర్నెట్టులో వెదకినచో కనబడు నంబర్లలో ఏది పగలు మాత్రమే పనిచేయునో, ఏది ఎన్నడో మూతపడినదో, ఏది డబ్బు గుంజుటకు పెట్టినదో తేల్చుకొను ఓపిక ఎవరికుండును? కనుక అన్వేషణ అనునది మనస్సు నిలకడగా ఉన్న దినమున జరుగవలసిన పని; ఆపద్వేళకు మిగులవలసినది ఒక్క మీట నొక్కుట మాత్రమే.

[తెరపై: టెలీ-మానస్]

14416 అనునది మనోవ్యథలో ఉన్నవారికై భారత ప్రభుత్వము నడుపు టెలీ-మానస్ అను ఫోను సహాయ సేవ. 2022-23 కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడి, 2022 అక్టోబరు 10న, అనగా ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, ఇది ఆరంభమైనది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రము. సాంకేతిక సహాయము అదే నగరములోని ఐ.ఐ.ఐ.టి. వారిది. రాత్రింబవళ్లు పనిచేయును, రుసుము లేదు, తెలుగులో మాటలాడవచ్చును. ఇంటర్నెట్టుతో గాని, ఖాతాతో గాని, పాస్‌వర్డుతో గాని పని లేదు. 2024 అక్టోబరు 10న దీనికొక యాప్ కూడ వచ్చినది గాని, యాప్ లేదని ఎవరును వెనుకాడనక్కరలేదు. వట్టి ఫోను కాల్ చాలును.

కాల్ చేసినపుడు ఏమి జరుగునో నిదానముగా చూతము, ఏలయనగా తెలియని దానిని గూర్చిన జంకే అనేకులను సగములో ఆపివేయుచున్నది. ముందుగా రికార్డు చేసిన కంఠము ఒకటి పలికి, భాష నెన్నుకొనుమని అడుగును. ఇక్కడ చిన్న చిక్కు ఒకటి కలదు: స్మార్ట్‌ఫోనును చెవి కానించుకొనగానే తెర ఆరిపోవును, అంకెలు కనబడవు. కనుక కాల్ కలియగానే ఫోనును చెవినుండి తీసి, స్పీకరు మీటను నొక్కి, ఆ ప్రక్కనే ఉన్న కీప్యాడ్ గుర్తును తాకి, తెలుగునకు చెప్పిన అంకెను నొక్కుడు. వణకుచున్న చేతికి ఈపాటి పని కూడ కష్టమే. అందుచేతనే దానిని ఈనాడే ఎరిగియుండవలెను.

తరువాత మీ రాష్ట్రపు కేంద్రములోని కౌన్సెలర్ మాటలాడును. ఏమి చెప్పవలెనో, ఎక్కడనుండి ఆరంభింపవలెనో తోచనివారు, "ఎట్లు చెప్పాలో తెలియడం లేదండీ, కాని ఎవరితోనైనా మాట్లాడాలి" అని ఒక్క వాక్యము పలికినను సరిపోవును. అక్కడినుండి ప్రశ్నలడిగి దారి చూపుట ఆ వృత్తిలో శిక్షణ పొందినవారి పని. మాటలతో తీరని బాధ అయినచో అదే కేంద్రములోని నిపుణులకు అప్పగింతురు. ఆపైన అవసరమైనచో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు గాని, వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, ప్రభుత్వ దూరవైద్య సేవయైన ఈ-సంజీవని ద్వారా వీడియోలో వైద్యునికి గాని అనుసంధింతురు. ఈ విధముగా ఆ ఐదంకెల వెనుక ఆసుపత్రి గుమ్మము వరకు సాగు వ్యవస్థ ఒకటి ఉన్నదని గ్రహించినవారికి, ఫోను చేయుట వ్యర్థమను నిరాశ కొంత సడలును. ఒకవేళ లైను కలియక పోయినను, కలిసి తెగిపోయినను, అది లైనులోని చిక్కే గాని మీ మొర నెవరో త్రోసిపుచ్చినట్లు కాదు. మరల చేయుడు, ఈలోగా మీరు నమ్మిన మనిషి నొకరిని ప్రక్కకు పిలుచుకొనుడు.

[తెరపై: కాంటాక్టులు తెరచి చూపవలెను]

ఇక ఫోనును చేతిలోనికి తీసికొనుడు. 14416ను కాంటాక్టులలో వ్రాసి, నక్షత్రపు గుర్తు నొక్కి ఫేవరెట్లలో చేర్చుడు. ఇంటిలోని పెద్దలది బటన్ల ఫోనైనచో, ఒక అంకెను కొంతసేపు నొక్కిపట్టినంతనే కాల్ పోవునట్లు స్పీడ్ డయల్ అమర్చి, ఆ అంకె ఏదో వారికి చూపుడు. పిల్లలకు తమకై 1098 అను చైల్డ్ హెల్ప్‌లైను ఉన్నదని చెప్పుడు. తరువాత సెట్టింగులలో ఎమర్జెన్సీ అను చోట ఆత్మీయుల నంబర్లు చేర్చుడు. అనేక ఫోనులలో పవర్ మీటను వరుసగా నొక్కినచో సహాయమునకు కాల్ పోవు ఏర్పాటు అక్కడనే కనబడును.

ఇంతకంటె విలువైనది ఫోనులోని నోట్సులో వ్రాసికొనవలసిన ఒక చిన్న పుట. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనువారు సేఫ్టీ ప్లాన్ అను పేరుతో దీనిని రూపొందించిరి. నా మనస్సు దిగజారుచున్నదని తెలుపు సూచనలేవి. ఒంటరిగా ఉన్నపుడు నన్ను నేను కుదుటపరచుకొను పనులేవి. మనస్సు మరలించు మనుష్యులు, స్థలములేవి. బాధ విప్పి చెప్పదగిన ఆత్మీయులెవరు. వైద్యులు, హెల్ప్‌లైనుల నంబర్లేవి. హాని కలిగింపగల వస్తువులను ఇంటినుండి ఎట్లు దూరము చేయవలెను, అను ఆరు అంశములు అందులో ఉండును. వైద్యునితోనో కౌన్సెలరుతోనో కూర్చుండి వ్రాసికొనుట మేలు. అట్లు వీలుపడనినాడు ప్రాణస్నేహితునితో కలిసి ఆరంభించినను తప్పు లేదు.

[తెరపై: తోడుగా ఉన్నవారికి]

వ్యథలో ఉన్న మనిషి ప్రక్కన ఉన్నవారికి కూడ ఈ నంబరు వర్తించును. మా తమ్ముడు ఇట్లున్నాడు, మేమేమి చేయవలెనని అడుగుట పూర్తిగా సమంజసము. "చనిపోవాలని అనిపిస్తున్నదా?" అని నెమ్మదిగా, సూటిగా అడిగినచో ఆ ఆలోచన పుట్టించినట్లగునని అనేకులు భయపడుదురు గాని, అది అపోహ. అడుగుటవలన ఎదుటివారికి గుండెబరువు దింపుకొను అవకాశము కలుగును. అవునని వచ్చినచో వారిని ఒంటరిగా విడువరాదు, హాని కలిగింపగల వస్తువులను అందుబాటులో ఉంచరాదు, వెంటనే సహాయము పిలువవలెను.

పోలీసు కేసగునేమోనను భయముతో సహాయము పిలువనివారు మన పల్లెలలోను, పట్టణములలోను కూడ కలరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టపు 115వ సెక్షను, ఆత్మహత్యకు యత్నించినవారు, వేరుగా రుజువు కానంతవరకు, తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావింపవలెనని, వారిని శిక్షింపరాదని పలుకుచు, వారికి చికిత్స, సంరక్షణ కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై ఉంచినది. ఆ యత్నమును నేరముగా ఎంచిన పాత భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు చేసికొనలేదు. చికిత్స వివరములు గోప్యముగా ఉండు హక్కును కూడ 2017 చట్టమే ప్రసాదించినది.

విదేశములలోని తెలుగువారికి ఒక మాట. 14416 భారతదేశపు ఫోను వ్యవస్థకు చెందినది. అమెరికాలో 2022 జూలైనుండి 988 అను హెల్ప్‌లైను పనిచేయుచున్నది. కాల్ చేసి తెలుగు దుబాసీని కోరవచ్చును. బ్రిటనులో 1953లో పుట్టిన సమారిటన్స్ వారి నంబరు 116 123. ఆస్ట్రేలియాలో లైఫ్‌లైన్ 13 11 14.

ఇటీవల అనేకులు, ముఖ్యముగా యువకులు, అర్ధరాత్రివేళ చాట్‌బాట్లతో తమ వేదన చెప్పుకొనుచున్నారు. చెప్పుకొనవలెనను ఆ తపనను నేను తప్పుపట్టను. అయితే అందులో వ్రాసినది ఒక కంపెనీ సర్వరులో నిలిచియుండవచ్చునని, ఆ యంత్రము లేచి వచ్చి మీ తలుపు తట్టలేదని, తప్పు సలహా ఇచ్చినచో వైద్యునివలె జవాబుదారీతనము వహింపదని మరువకుడు. అక్కడ ఆరంభించిన మాటను అక్కడనే ముగింపక, జీవమున్న కంఠము వరకు తీసికొనిపొండు.

సాంకేతికత మనకిచ్చినది మార్గమే. మార్గము చివర మనిషి ఉండవలెను, ఆ మార్గము ముందుగానే తెలిసియుండవలెను. కావున ఈ వీడియో మూయకముందే నంబరును మీ ఫోనులో, ఆపైన మీ తల్లిదండ్రుల ఫోనులలో, హాస్టలులో ఉన్న పిల్లల ఫోనులలో చేర్చుడు. కుటుంబపు వాట్సాప్ గ్రూపులో ఎవరినీ ఉద్దేశింపక, అందరికీ పంపుడు, ఏలయనగా ఎవరికి అవసరమో పైకి చూచి చెప్పజాలము. సందేహములున్నచో కామెంటులలో అడుగుడు. మీ సొంత బాధను మాత్రము అక్కడ వ్రాసి జవాబునకై వేచియుండక, 14416కే చెప్పుడు. సెలవు.