మక్కాలో దారి చెప్పేదెవరు?

(విజయవాడ స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హజ్‌కి వెళ్ళే స్త్రీ హక్కులనగానే అందరూ మహరం గురించే మాట్లాడతారు. మహరం అంటే తోడొచ్చే భర్తో, కొడుకో, అన్నదమ్ముడో. 45 ఏళ్ళు దాటిన స్త్రీలు నలుగురు జట్టుగా, మహరం లేకుండా వెళ్ళొచ్చని 2018లో మన ప్రభుత్వం ఒప్పుకుంది. 2023లో ఒంటరిగానూ దరఖాస్తు పెట్టుకోనిచ్చారు. ఆ ఏడే గన్నవరం నుంచి హజ్ విమానాలూ మొదలయ్యాయి. సంతోషమే. మరి అక్కడ దిగాక మనకి దారి చెప్పేదెవరు?

మక్కాలో అది తరతరాల వృత్తి. కాబా చుట్టూ ఏడుసార్లు తిరగడం తవాఫ్, తిప్పేవాడు ముతవ్విఫ్. మనవాళ్ళు మువల్లిం అంటారు. బస, మీనాలో గుడారం, అరఫాత్‌కి ప్రయాణం, ఎక్కడ ఏ దువా చదవాలో చెప్పడం అన్నీ ఒకప్పుడు ఆ కుటుంబాల పనే. తరవాత సౌదీ ప్రభుత్వం వాళ్ళని సంస్థలుగా కలిపింది. ఆ కుటుంబాల్లో ఈ పని చేసే ఆడవాళ్ళూ ఉన్నారు. మన మౌలానాలు ఈ ముక్క ఎందుకో చెప్పరు! ఇదేం దయాధర్మం కాదు, ఆ రుసుము మనం కట్టే డబ్బులోనే ఉంటుంది.

నేను కూర్చున్న ఒక శిక్షణ తరగతిలో మైకు ముందు మగవాళ్ళు, పరదా వెనక మేము. అంతా ఉర్దూ. మన డెల్టాలో నూర్‌బాషా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. ప్రశ్నలుంటే చీటీ రాసి పంపమన్నారు. నా పక్కనున్న పెద్దావిడ, “చీటీ ఎవరు రాస్తారమ్మా, నా కొడుకా?” అంది.

ఆవిడ అడగాలనుకున్నది కోడలి బహిష్టు గురించి. బహిష్టులో తవాఫ్ చెయ్యకూడదు. అరఫాత్‌లో నిలవడం, రాళ్ళు వెయ్యడం మానక్కర్లేదు. ఆయిషాకి దారిలో అలా అయినప్పుడు, తవాఫ్ తప్ప అన్నీ చెయ్యమని ప్రవక్త చెప్పారని హదీసు. వీడ్కోలు తవాఫ్ అలాంటి స్త్రీకి మాఫీ. కానీ తవాఫె జియారత్ లేకుండా హజ్ పూర్తికాదు, దానికి ఆగాల్సిందే. విమానం ఆగదు కదా! ఇది ముందే తెలిస్తే డాక్టరమ్మ దగ్గరికెళ్ళి అడగొచ్చు. తెలియక ఎవరో చెప్పిన మాత్రలు మింగేవాళ్ళున్నారు.

యాత్రికుల వెంట ప్రభుత్వం పంపే ఉద్యోగుల్ని ఖాదిములనేవారు, ఇప్పుడు హజ్ ఇన్‌స్పెక్టర్లంటున్నారు. పేరేదైనా సరే, మన జిల్లాల జట్టుతో తెలుగొచ్చిన స్త్రీ ఒకరు ఉండాలి. శిక్షణలో ఒక పూట ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చెప్పాలి, చీటీలు లేకుండా. ఈ రెండూ రాసి అర్జీ తెచ్చాను. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యండి.