యాభై తొమ్మిదేళ్ల కాలేజీ ఆటగాడు

2007లో టెక్సాస్‌లోని సల్ రాస్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో కొత్తగా చేరిన ఆటగాడి వయసు 59. పేరు మైక్ ఫ్లింట్. గొడవలు పడుతున్నాడని 1971లో అదే జట్టు నుంచి ఆయన్ని పంపేశారు. ఆడకుండా మిగిలిపోయిన ఆ ఒక్క సీజన్ కోసం, మనవడు పుట్టాక, మళ్లీ హెల్మెట్ పెట్టుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఒళ్లు హూనమయ్యే ఆట మరి!

ఆ యూనివర్సిటీ అప్పట్లో ఆడింది అమెరికా కాలేజీ క్రీడల్లో కింది స్థాయి అయిన డివిజన్ త్రీలో. అక్కడ ఆట పేరున స్కాలర్‌షిప్పులు ఇవ్వరు. పైస్థాయి డివిజన్ వన్‌లో మాత్రం చాలాకాలంగా ఐదేళ్లలో నాలుగు సీజన్లే ఆడాలన్న గడువు ఉంది. సైన్యంలోనో మతసేవలోనో గడిపిన కాలాన్ని అందులో లెక్కించరు.

డివిజన్ వన్‌లో ఆడిన క్రిస్ వింకీ కథ వేరు. ఆరేళ్లు బేస్‌బాల్ మైనర్ లీగుల్లో ఆడి, తర్వాత ఫ్లోరిడా స్టేట్‌లో చేరి, 2000లో 28 ఏళ్ల వయసులో, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచారు. అంత పెద్ద వయసులో దాన్ని అందుకున్నవారు మరొకరు లేరు.

పద్దెనిమిదేళ్ల కుర్రాడి చదువు స్కాలర్‌షిప్ మీదే ఆధారపడినచోట గడువు ఉండాల్సిందే. కానీ ఫ్లింట్ ఎవరి స్కాలర్‌షిప్పూ లాక్కోలేదు. తరగతులకు వెళ్లి, సాధన చేసి, జట్టులో చోటు సంపాదించుకున్న అలాంటి విద్యార్థిని వయసు చూపి ఆపడం అన్యాయం.