పెంకు పురుగుల పొలిమేరలు

(మందమర్రిలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పురుగులను గూర్చి మాటలాడుటకు ప్రచార శాఖవారు వచ్చుట మీలో కొందరికి వింతగా తోపవచ్చును. కాని పైరును, చెట్టును, పెంటకుప్పను ఆశ్రయించి బ్రదుకు పెంకు పురుగుల సంగతి గ్రామమునకు సంబంధించినదే. కొమ్ము పురుగు, వేరు పురుగు, ముక్కు పురుగు, పేడ పురుగు, తుదకు మిణుగురు కూడ ఈ జాతిలోనివే. తొలకరిలో పిల్లలు అరచేత నుంచుకొను ఆరుద్ర పురుగు మాత్రము కాదు. అది సాలీడునకు చుట్టము.

పురుగునకు మనవలె స్వంత దేహోష్ణము లేదు. గాలియు నేలయు ఎంత వేడిగనున్న దాని దేహమును ఇంచుమించుగ అంతే. కనుక ప్రతి జాతికిని తాళగల చలికి, తాళగల ఎండకు హద్దులు గలవు. శీతోష్ణము మారినచో ఆ జాతి పొలిమేరయు మారును. ఇంగ్లండులో మంచుయుగపు మట్టిపొరలలో దొరికిన యొక పేడ పురుగు, నేడు టిబెట్టు పీఠభూమిపై బ్రదుకుచున్న జాతియేనని రస్సెల్ కూప్ అను శాస్త్రజ్ఞుడు 1973లో తెలిపెను. పురుగు మారలేదు, దానికి తగిన చలిచోటు మారినది.

అది వేల యేండ్ల మాట. నేటి మాట కెనడాలో చూడవచ్చును. అచటి దేవదారు జాతి వృక్షముల బెరడు క్రింద వడ్లగింజంత పెంకు పురుగు కలదు. సున్నకు దిగువ 40 డిగ్రీల చలి దానిని చంపుచుండెడిది. శీతకాలములు మెత్తబడగా అది విజృంభించి, బ్రిటిషు కొలంబియాలో 1.8 కోట్ల హెక్టార్ల అడవిని సోకెను. 2006 నాటికి పెద్దయెత్తున రాకీ పర్వతములు దాటి అల్బర్టాలో దిగెను.

ఈ వేడిమికి మూలము మందమర్రివారికి దూరపు వస్తువు కాదు. మన నేల అడుగున నున్న బొగ్గు 25 కోట్ల యేండ్లకు పూర్వపు అడవుల శేషము. అట్టి బొగ్గును, చమురును లోకమంతట కాల్చగా, 1850–1900 నాటికంటె 2011–2020 నాటికి భూతలము సుమారు 1.1 డిగ్రీలు వేడెక్కినది. ఇది గని కార్మికుని నిందించు మాట కాదు. ఆ జీతములతో వెలుగు పొయ్యిలను మేమెరుగుదుము.

అయినను పురుగు కనబడిన ప్రతిచోట ఎండనే నిందింపరాదు. కొబ్బరిని తినెడు కొమ్ము పురుగు 1909లో సమోవా దీవులకు చేరినది సింహళమునుండి పోయిన రబ్బరు మొక్కలతో. మన ప్రాంతమునను ఇటీవల ఆయిల్‌పామ్ తోటలు వెలయుచున్నవి. అది కొమ్ము పురుగునకు క్రొత్త విందు. ఆ పురుగు మొవ్వును తొలుచును; గ్రుడ్లు పెట్టునది మాత్రము మాగిన పెంటకుప్పలలో, కుళ్లిన మొద్దులలో. తోట ఒకరిది, కుప్ప వేరొకరిది. ఇచటనే పంచాయతీ మాట చెల్లవలెను: కుప్పలను తిరుగవేయించుట, తెల్లని లావు పురుగులను ఏరించుట, మొద్దులను తొలగించుట.

వేరు పురుగు సంగతియు నిట్టిదే. తొలివాన పడగనే తల్లిపురుగులు సందెవేళ నేలనుండి వెలువడి వేపచెట్లపై మూగును. కొమ్మలు దులిపి, రాలినవానిని కిరోసిను కలిపిన నీట వేయవచ్చును. ఒక్క రైతు దులిపిన ప్రయోజనము స్వల్పము. ప్రక్క చేలలోనివి ఎగిరివచ్చును. ఊరంతయు కూడి ఆ కొలది రాత్రులలోనే చేయవలెను. వాన తప్పి వచ్చిన యేట పురుగును తప్పియే వచ్చును గనుక, కార్తెను కాదు, వానను చూచి దండోరా వేయింపుడు.

మన ఊళ్లలో ఏ పురుగు క్రొత్తగ వచ్చినది, ఏది తగ్గినది యనుటకు పాత లెక్క యుండవలెను గదా. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థకు ఒక యాజమాన్య సంఘము, ఒక ప్రజా జీవవైవిధ్య పుస్తకము ఉండవలెను. ఆ పుస్తకమున చెట్ల పేర్లు, చేపల పేర్లు వ్రాయుదురు. పెంకు పురుగులకును ఒక పుట విడువుడు. కనబడిన తేదీ, ఏ చెట్టుపైన, తొలివాన పడి ఎన్ని దినములైనది, ఊరివారు దానిని పిలుచు పేరు — ఇంత చాలును. మేకలు కాయువారిని, కూలికి పోవు స్త్రీలను అడిగి వ్రాయుడు. వారు చూచినన్ని పురుగులు మనము చూచియుండము.